మాత్ర మీద గ్లాసెడు పాలు

చేసిన తప్పుకు ఎన్ని తిట్లు తిట్టినా పడతాను. చేయని తప్పుకు ఒక్క మాట అంటే మాత్రం నాకు ఒళ్ళు మండిపోతుంది. చిన్నప్పటి నుంచీ అంతే. అలాంటి నన్ను, ఆరో నెల నిండిన కడుపుతో ఉన్నప్పుడు, మా అరుగు ముందు ఏడెనిమిది మంది ఆడవాళ్ళు చూస్తుండగా మా ఊరికి వచ్చే నర్సమ్మ నిలదీసింది.

"ఏమ్మా, నేనిచ్చిన ఎర్ర మాత్రలు మింగకుండా యాడ పారేస్తా ఉండావు? నిజం చెప్పు."

నాకు కోపం వస్తే మాట కంటే ముందు ఏడుపొస్తుంది. చూసేవాళ్ళు తప్పు ఒప్పుకుందనుకుంటారు. అదొక కర్మ నాకు. ఆ రోజూ అంతే అయింది. కళ్ళు తుడుచుకుంటున్న నన్ను చూసి పక్కింటి పెద్దమ్మ, "ఈ కాలం పిల్లోళ్ళకి మాత్రలంటే చేదు నర్సమ్మా, మనం చెప్తే వింటారా?" అని నా మీద జాలిపడింది. ఆ జాలి నన్ను తిట్టు కంటే ఎక్కువ మండించింది. ఎందుకంటే నేను ఒక్కటంటే ఒక్క మాత్ర కూడా పారేయలేదు.

తొంభైల నడిమి మాట ఇది. అప్పటికి కృష్ణగిరి ఇంకా జిల్లా కాలేదు, మేమంతా ధర్మపురి జిల్లా కిందే ఉండేవాళ్ళం. నా పుట్టిల్లు బర్గూరు దగ్గర. నన్నిచ్చింది ఉద్దనపల్లి పక్కన ఒక పల్లెకు. మా ఆయనకు హోసూరులో ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు పని. ఇంట్లో మిగిలేది మా అత్త, మామ, నేను, రెండు సీమ ఆవులు. మామ రోజుకు మూడు మాటలకు మించి మాట్లాడేవాడు కాదు, అందులో రెండు టమాటా తోటతోనే. ఇల్లూ పొలమూ ఆవులూ అన్నీ అత్తే. కోడి కూయక ముందే లేచి పాలు పితికి, గడ్డి కోసుకొచ్చి, అందరికీ వండి, అందరూ తిన్నాక ఎప్పుడో మధ్యాహ్నానికి మిగిలిన సంగటిలో మజ్జిగ పోసుకుని తినేది. దాని మీద కాఫీ. కాఫీ లేకపోతే ఆమెకు తిన్నట్టే ఉండేది కాదు. రోజుకు ఐదారు సార్లు తాగేది.

ఆమె ఒక్క చోటే నెమ్మదిగా ఉండేది, హోసూరు కొండ గుడి మెట్ల మీద. నాకు మూడో నెల రాగానే మొక్కుకోవడానికి తీసుకెళ్ళింది. బిడ్డ పుట్టి మెడ నిలిచాక ఎత్తుకుని మళ్ళీ వస్తామని మొక్కు. పాతిక మెట్లు ఎక్కేది, పక్కన ఉన్న గోడ పట్టుకుని నిలబడేది. "ఆడ చూడు, బస్టాండు," అనేది. మళ్ళీ పాతిక మెట్లు. "ఈడ చూడు, ఫ్యాక్టరీల పొగ. నీ మొగుడు ఆ రేకుల కొట్టం కింద ఉంటాడు." ఇంకో పాతిక. "ఆ కనపడేది చెరువు." ఊళ్ళో అంత ఉరుకులు పెట్టే మనిషి కొండెక్కితే ఇంత తీరిగ్గా ఊరు చూడ్డం నాకు వింతగా ఉండేది. నాకూ అప్పటికే ఆయాసం కాబట్టి అడ్డు చెప్పలేదు. "అత్తా, నువ్వు గైడు పని చెయ్యొచ్చు," అని నవ్వాను. ఆమె కూడా నవ్వింది, గోడ వదలకుండా.

నాలుగో నెలలో హోసూరు డాక్టరమ్మ దగ్గర రక్తం పరీక్ష చేయించారు. నా రక్తం ఎనిమిది పాయింట్ రెండు. పన్నెండు ఉండాలట, పదైనా ఉండి తీరాలట. డాక్టరమ్మ కాగితం మీద పది అని రాసి దాని చుట్టూ సున్నా చుట్టి నా చేతిలో పెట్టింది.

"తొమ్మిదో నెలకి ఇది రావాలి. రాకపోతే నేను ఇక్కడ కానుపు చెయ్యను. ముందే రక్తం సిద్ధం చేసుకుని కృష్ణగిరి పెద్దాసుపత్రికో, బెంగళూరుకో పోవాల్సిందే. నొప్పులు మొదలయ్యాక అంత దూరం ఎవరు తీసుకుపోతారో మీరే ఆలోచించుకోండి."

ఆ సున్నాలో ఉన్న పది మా ఇంట్లో అందరికీ నిద్రలో కూడా కనపడేది. మామ సైతం తన మూడో మాట దానికి ఖర్చు పెట్టాడు. "పది అవుతాదా?" అని అడిగాడు పొలానికి పోతూ.

మామూలుగా మొదటి కానుపుకు పుట్టింటికి పోవాలి. కానీ అప్పుడే మా వదిన కూడా కడుపుతో ఉంది. ఒకే ఇంట్లో ఇద్దరు కడుపుతో ఉండకూడదని మా వైపు గట్టి నమ్మకం. ఇద్దరిలో ఎవరికో ఒకరికి చెడు జరుగుతుందంటారు. మా అమ్మ ఏడ్చుకుంటూ కబురు పంపింది. మా అత్త ఏ మాత్రం తడుముకోలేదు. "ఈడ మాత్రం ఎవరు లేరని? నా చేతి మీదుగానే కానీ," అంది. నా రక్తం బాధ్యత ఆ రోజు నుంచి ఆమెదైపోయింది.

మాత్రలు నర్సమ్మ ఊరికే ఇచ్చేది. కాగితం పొట్లంలో ఎర్రగా, కుంకుడు గింజ కంటే కొంచెం చిన్నగా ఉండేవి. నోట్లో పెట్టుకుంటే ముందు తీపి, ఆ పైన తుప్పు పట్టిన మేకు నాకినట్టు ఉండేది. మా ఊళ్ళో వాటి మీద లేని కథ లేదు. బిడ్డ నల్లగా పుడుతుందన్నారు. తల పెద్దదై కానుపు కష్టమవుతుందన్నారు. మా అత్త ఆ కథలేవీ చెవికెక్కించుకోలేదు. ఆమె భయం వేరే, అది వేడి గురించి. కడుపుతో ఉన్నవాళ్ళకు వేడి కూడదని బొప్పాయి, నువ్వులు ఇంట్లోకే రానిచ్చేది కాదు. అలాంటిది కాల్చి కొట్టే ఇనుమునే తెచ్చి మాత్ర చేశారాయె! అది కడుపులో పడితే బిడ్డకు వేడి తగలదా? మానేద్దామంటే డాక్టరమ్మ పది అని రాసిచ్చింది. ఆమె బాగా ఆలోచించి ఒక దారి కనిపెట్టింది.

"మాత్ర మింగు. ఆ వేడి అణగడానికి దాని మీద పాలు తాగు."

పాలంటే మామూలు పాలు కాదు. పొద్దున్నే పితికి డైరీకి పోయడానికి ముందే నా కోసం ఒక చెంబు పక్కన పెట్టేది. ఆ పాలు చిక్కగా కాచి, గోరువెచ్చగా పెద్ద గ్లాసు నిండా పోసి, ఎర్ర మాత్ర తన చేత్తోనే నా అరచేతిలో పెట్టేది. నేను మింగి, గ్లాసు ఖాళీ చేసే వరకు కదిలేది కాదు. ఆ వెంటనే, "పిల్ల నీరసంగా ఉండాది," అని ఒక లోటా కాఫీ. సాయంత్రం మళ్ళీ ఇదే పూజ. రెండు నెలలకు పైగా ఒక్క పూట తప్పలేదు. నేను లావెక్కాను, బుగ్గలొచ్చాయి. చూసినవాళ్ళంతా మా అత్త చేయి మంచిదన్నారు.

ఆరో నెల చివర మళ్ళీ పరీక్ష. ఎనిమిది పాయింట్ మూడు.

ఆ కాగితం చూశాకే నర్సమ్మ మా అరుగు ముందు నన్ను నిలదీసింది. ఆమెను తప్పుపట్టలేను. ఆమె తిరిగే ఊళ్ళలో సగం మంది మాత్రలు గడ్డివాములో దోపేవాళ్ళేనట. నేను ఏడుపు దిగమింగుకుని, "అన్నీ మింగినాను నర్సమ్మా, మా అత్తనడుగు," అన్నాను.

అత్త ముందుకొచ్చింది. "నా చేత్తో ఇస్తా ఉండాను. నా కండ్ల ముందే మింగుతాది."

నర్సమ్మ ఇంకా నమ్మలేదు. అత్తాకోడళ్ళు ఒకటైపోయి అబద్ధం చెప్పడం కూడా ఆమె చూసే ఉంటుంది. నన్ను ఎగాదిగా చూసి, అంతమంది మధ్య, గొంతు కూడా తగ్గించకుండా అడిగింది. "దొడ్డికి పోతే మామూలుగా పోతా ఉందా, నల్లగా పోతా ఉందా?"

ఆడవాళ్ళంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. ఈసారి ఏడుపు రాలేదు, మాటే వచ్చింది. "తారు మాదిరి నల్లగా పోతా ఉండాది! నమ్మకం లేకుంటే రేపు తెల్లారతానే బిన్నా వచ్చి చూసుకో!"

వీధంతా గొల్లుమంది. మొగవాళ్ళెవరూ లేరు కాబట్టి బతికిపోయాను. నర్సమ్మ మాత్రం నవ్వలేదు. ఆమె ముఖం మారిపోయింది. అరుగు మీద కూర్చుని, సంచీ పక్కన పెట్టి, "అయితే నువ్వు మింగుతా ఉండేది నిజమే. ఇనుము లోపలికి పోతా ఉండాది, ఒంటికి పట్టకుండా బయటికి వచ్చేస్తా ఉండాది. మాత్ర దేంతో మింగుతావు?" అంది.

జవాబు నా కంటే ముందు మా అత్త చెప్పింది, గర్వంగా. "పాలతో! ఉత్త నీళ్ళతో ఎందుకిస్తాను? చిక్కటి పాలు, గ్లాసు నిండా. దాని మీద కాఫీ."

నర్సమ్మ రెండు చేతులతో నెత్తి పట్టుకుంది.

"అయ్యో తల్లీ! పాలకీ ఇనుముకీ పడదు. మాత్ర మీద పాలు తాగితే సగం ఇనుము కూడా ఒంటికి పట్టదు. కాఫీ, టీ అయితే ఇంకా చెడ్డ. పుల్లంది తాగల్ల. నిమ్మకాయ నీళ్ళతో మింగించు. పాలు వద్దనలేదు, మాత్ర పొద్దున అయితే పాలు సాయంత్రం ఇయ్యి. కాఫీ ఆ చుట్టుపక్కలకి రానీకు."

అంత సేపూ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్న పక్కింటి పెద్దమ్మ ఇప్పుడు నా బదులు మా అత్త మీద జాలిపడటం మొదలుపెట్టింది. మా అత్త లేచి ఆవుల కొట్టంలోకి పోయింది.

ఆ సాయంత్రం పాలు మొత్తం డైరీకి పోసేసింది. నా చెంబు బోర్లించి ఉంది. సంగటి ముద్ద నా ముందు పెట్టి ముఖం అటు తిప్పుకుంది. నా మాట నిజమని వీధిలో అందరి ముందూ తేలినందుకు పొద్దున ఎంత సంతోషపడ్డానో, ఆ బోర్లించిన చెంబు చూసి అంత దిగులుపడ్డాను. కొట్టంలోకి పోయి ఆమె పక్కన కూర్చున్నాను. గడ్డి పరకలు ఏరుతూ చెప్పింది.

"మా అక్క కానుపులోనే పోయింది. రక్తం నిలవలేదు. నేను పక్కనే ఉండా. అప్పుడు నాకు పద్నాలుగేండ్లు. నీకు అట్ల కాకూడదని నేను ఇంత చేస్తే, రెండు నెల్లు నీ మందుని నా చేత్తో నేనే చెడగొట్టినాను గదమ్మా."

ఓదార్చడం నాకు రాదు. ఎవరైనా ఏడిస్తే నాకు చేతులూ కాళ్ళూ ఆడవు. "చెడగొట్టినావులే అత్తా, ఎవరు కాదన్నారు? ఇంగ మూడు నెల్లుంది. లేచి నిమ్మకాయ పిండు," అన్నాను. ఆమె కళ్ళు తుడుచుకుంటూనే నవ్వేసింది.

మర్నాటి నుంచి మా ఇంట్లో కొత్త చట్టం. డైరీ వ్యాను హారన్ వినపడగానే నిమ్మకాయ నీళ్ళు, ఎర్ర మాత్ర. ఆ తర్వాత గంటసేపటి దాకా నా దగ్గరికి పాలుగానీ కాఫీగానీ రావడానికి వీల్లేదు. మామ కాఫీ తాగాలన్నా పెరట్లోకి పోయి తాగాలి, నాకు ఆశ పుట్టకూడదని. మా ఆయన షిఫ్టు దిగి హోసూరు మార్కెట్లో నిమ్మకాయలు కొనుక్కొచ్చేవాడు. మునగాకు పప్పులో, మునగాకు పొడి అన్నంలో, ఒక రోజు అత్త మునగాకు దోసె కూడా వేసింది. నాకిప్పటికీ మునగచెట్టు కనపడితే పలకరించాలనిపిస్తుంది, అంత చుట్టరికం కలిసింది. వేడి భయం మాత్రం ఆమెను వదల్లేదు. రాత్రి పడుకునే ముందు నా అరికాళ్ళకు ఆముదం రాసి వేడి దింపేది. దానికి నర్సమ్మ అడ్డు చెప్పలేదు కాబట్టి నేనూ చెప్పలేదు.

ఇంకొకటి కూడా మొదలుపెట్టింది. నేను మాత్ర మింగగానే, "నోరు తెరు. ఆఁ. నాలిక ఎత్తు," అని లోపలికి తొంగి చూసేది.

నాకు మళ్ళీ ఒళ్ళు మండింది. "నువ్వు కూడా నమ్మవా అత్తా?"

"నమ్మకేం? రేపు ఎవరైనా నిన్ను మాటంటే, నాలిక కింద కూడా చూసినానని చెప్పాల గదా."

అప్పుడు తెరిచాను నోరు, బారెడు.

ఎనిమిదో నెలలో తొమ్మిది పాయింట్ నాలుగు. తొమ్మిదో నెలలో పది పాయింట్ రెండు! ఆ కాగితం మా అత్త రవికలో దోపుకుని ఇంటి వరకూ తీయలేదు. కానీ అంతకు ముందే, డాక్టరమ్మ గదిలోనే, ఇంకో సంగతి జరిగింది.

"పది దాటింది, కానుపు ఇక్కడే చేస్తాను," అంది డాక్టరమ్మ. "అయినా ముందు జాగ్రత్తకి ఇదే గ్రూపు రక్తం ఉన్నవాళ్ళు ఒకరు అందుబాటులో ఉండాలి."

మా ఆయన గ్రూపు వేరు. మా అత్త వెంటనే చేయి చాపింది. "నాది తీసుకోండమ్మా. రెండు గడ్డి మోపులు ఒకేసారి మోస్తాను నేను. ఎంత కావాలంటే అంత తీసుకోండి."

ల్యాబులో ఆమె వేలు పొడిచారు. కొంచెం సేపటికి ఆ అమ్మాయి బయటికొచ్చి మళ్ళీ పొడిచింది. ఆ తర్వాత డాక్టరమ్మే మమ్మల్ని లోపలికి పిలిచింది. గ్రూపు కలిసింది. రక్తం ఆరున్నర.

"ఈమె అసలు ఎట్లా నడిచి వచ్చింది?" అని అడిగింది నన్ను. "రక్తం ఇచ్చే మాట పక్కన పెట్టండి. ఇంకొంచెం తగ్గితే ఈమెకే ఎక్కించాల్సి వస్తుంది."

"మీ మిషను చెడిపోయుండాది," అంది మా అత్త.

డాక్టరమ్మ మా ఆయన్ని బయటికి పంపి ఒక్కొక్కటే అడిగింది. మా అత్త నేల చూపులు చూస్తూ చెప్పింది. నెల నెలా పది, పన్నెండు రోజులు. ఎన్నేళ్ళ నుంచి? ఏమో, ఆమె చిన్న కొడుకు పుట్టి పోయినప్పటి నుంచి. ఎవరికైనా చెప్పావా? చెప్పడానికి ఏముంది, ఆడవాళ్ళందరికీ ఉండేదే కదా. ఏం తింటావు? అదేం ప్రశ్న అన్నట్టు చూసింది. "ఇంట్లో ఏముంటే అది."

ఇంట్లో ఏం ఉంటుందో నాకు తెలుసు. నా కంచంలోకి మునగాకు, పప్పు, బెల్లం ముక్క వచ్చేవి. ఆమె కంచంలోకి అడుగున మిగిలిన సంగటి, మజ్జిగ, దాని మీద కాఫీ. అయిదు నెలలు నా రక్తం గురించి ఇంటిల్లిపాదీ మాట్లాడుకున్నాం. రోజూ నా నోట్లోకి తొంగి చూసిన మనిషి కంచంలోకి నేను ఒక్కసారి కూడా తొంగి చూడలేదు. నాకు చాలా సిగ్గేసింది. అది ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

ఆ రోజే ఆమెకు కూడా అవే ఎర్ర మాత్రలు రాశారు, నెల రక్తం తగ్గడానికి వేరే మందు కూడా. నాకు రక్తం ఇవ్వడానికి బర్గూరు నుంచి మా అన్న వచ్చి సిద్ధంగా కూర్చున్నాడు గానీ అవసరం పడలేదు. ఆ తర్వాత పదో రోజున హోసూరులోనే నాకు ఆడపిల్ల పుట్టింది. నిక్షేపంగా, నల్లగా పుట్టింది. చూడటానికి వచ్చిన పక్కింటి పెద్దమ్మ, "చెప్తే విన్నారా, మాత్రల రంగంతా బిడ్డకే వచ్చింది," అంది. మా అత్త బిడ్డ చేతిని తన చేతి పక్కన పెట్టి చూపించింది. "ఇది మాత్ర రంగు కాదు, నా రంగు," అంది. అంత గర్వంగా ఆమె మాట్లాడటం నేను మళ్ళీ వినలేదు.

ఇంటికొచ్చాక అసలు యుద్ధం మొదలైంది. పాలిచ్చే తల్లిగా నాకూ మాత్రలు, ఆమెకూ మాత్రలు. నావి టంచనుగా అందేవి. తనవి, "చూద్దాంలే, పని కానీ," అనేది.

"కడుపుతో ఉండేవాళ్ళు మింగే మాత్రలు నేను మింగితే ఊర్లో నవ్వరా?" అంది ఒక రోజు.

నవ్వుతారని నేననుకోలేదు గానీ, వాళ్ళు అంతకంటే ఎక్కువే చేశారు. ఆమె మాత్ర మింగి నిమ్మకాయ నీళ్ళు తాగుతుండగా పక్కింటి పెద్దమ్మ గోడ మీదుగా చూసింది. ఎర్ర మాత్ర, దాని మీద పులుపు! ఇంక ఆమెకు వేరే రుజువు కావాలా? మధ్యాహ్నానికి ఊరంతా పాకింది. సాయంత్రానికి ఉద్దనపల్లి టీ అంగట్లో మా మామను నలుగురు పట్టుకుని, "ఏమప్పా, ఈ వయసులో!" అని వీపు తట్టారట. ఆయన ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, చెంబెడు నీళ్ళు తాగి, మా అత్తను కాకుండా ఎదురుగా ఉన్న గోడను అడిగాడు.

"నిజమేనా?"

నేను బాలింతనన్న సంగతి మర్చిపోయి పొట్ట పట్టుకుని నవ్వాను. మా అత్త చీపురు తీసుకుంది. ఎవరి కోసమో తెలియక మామ, నేను ఇద్దరం సర్దుకున్నాం. మూడో రోజుకు బర్గూరు నుంచి మా అమ్మ కబురు. ఒకే ఇంట్లో ఇద్దరి సంగతి తెలుసు కదా, నీకు కానుపయింది కాబట్టి దోషం లేదు గానీ, పచ్చి బాలింతవి, ఎందుకైనా మంచిది బిడ్డనెత్తుకుని ఇటు వచ్చేయమని.

ఆ దెబ్బతో మా అత్త మారుమాట లేకుండా మాత్రలు మింగడం మొదలుపెట్టింది. నేను ఇవ్వగానే నోట్లో వేసుకుని, నిమ్మకాయ నీళ్ళు తాగి, ఆవుల కొట్టంలోకి పోయేది. అంత సుళువుగా లొంగిందేమిటని నాకు అనుమానం రావాల్సింది, రాలేదు. వారం తర్వాత ఒక పొద్దున కుడితి తొట్టి దగ్గరికి పోయి చూస్తే, నీళ్ళ మీద ఎర్రటి మరక తిరుగుతోంది. కింద సగం కరిగిన మాత్ర.

ఒక్కటి కూడా పారేయకుండానే వీధిలో దొంగనైన నేను, అసలు దొంగను పట్టుకున్నాను.

"ఏందత్తా ఇది?"

ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. "ఆవుకి కూడా రక్తం పడాల గదా."

నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. ఆరున్నర గుర్తొచ్చింది, ఆమె అక్క గుర్తొచ్చింది. నేను బిడ్డనెత్తుకొచ్చి అరుగు మీద, వీధికి ఎదురుగా కూర్చున్నాను. నా మాత్రా ఆమె మాత్రా రెండూ అరచేతిలో పెట్టుకున్నాను. "నువ్వు మింగితేనే నేను మింగుతాను. నువ్వు పారేస్తే నేనూ పారేస్తాను. నీ మనవరాలి పాలు నీ ఇష్టం," అన్నాను.

"అరుగు మీదనా? అందరూ చూస్తారే!"

"చూడనీ. చాటుగా మింగబట్టే కడుపన్నారు. అందరి ముందర మింగితే మందంటారు."

డైరీ వ్యాను హారన్ కొట్టింది. గోడ మీదుగా పక్కింటి పెద్దమ్మ తల లేచింది. మా అత్త వచ్చి నా పక్కన కూర్చుని, మాత్ర నోట్లో వేసుకుని, నిమ్మకాయ నీళ్ళు గటగటా తాగేసి లేవబోయింది. నేను చేయి పట్టుకున్నాను.

"నోరు తెరు. ఆఁ. నాలిక ఎత్తు."

నా వైపు కోపంగా చూసింది. తర్వాత తెరిచింది. నాలుక కింద ఏమీ లేదు. నేను తొంగి చూస్తున్నప్పుడు ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పులుపుకని చెప్పింది.

ఆ రోజు నుంచి ఇద్దరం అరుగు మీదే మింగాం. మొదట్లో చూసి నవ్వినవాళ్ళే నెల తిరక్కుండా, "మాకు కూడా తల తిరుగుతాది, నర్సమ్మనడగమంటావా?" అని మెల్లగా మా అత్తనడగడం మొదలుపెట్టారు. పక్కింటి పెద్దమ్మ అందరికంటే ముందడిగింది. తన కాఫీని మాత్రం మా అత్త పూర్తిగా వదల్లేదు. ఐదు లోటాల నుంచి రెండుకు దించింది, అవి కూడా తిండికి దూరంగా. అందరికీ పెట్టాకే తినే అలవాటు నేను మాన్పించలేకపోయాను గానీ, ఆమె కోసం ఒక గిన్నెలో పప్పు ముందే తీసి దాచడం నేర్చుకున్నాను.

బిడ్డకు ఆరో నెల వచ్చాక మొక్కు తీర్చుకోవడానికి హోసూరు కొండకు పోయాం. దానికి ముందు వారమే అత్తకు పరీక్ష చేయించాం. పది పాయింట్ ఆరు, నా కంటే ఎక్కువ! ఆ సంగతి డైరీలో పాలు పోసే ప్రతివాళ్ళకూ చెప్పింది.

కొండ కింద బిడ్డను నా చేతిలోంచి తీసుకుని చంకనెత్తుకుంది. పాతిక మెట్లెక్కింది. బస్టాండు చూపిస్తుందని నేను ఆగాను. ఆమె ఆగలేదు. ఇంకో పాతిక. ఫ్యాక్టరీలు వచ్చాయి, పోయాయి. చెరువు కూడా వచ్చి పోయింది. నేను పూల బుట్ట మోయలేక గోడ పట్టుకుని రొప్పుతుంటే, పై నుంచి బిడ్డ నవ్వూ ఈమె గొంతూ వినపడ్డాయి.

"యాడుండావే? బిన్నా రా, ఎంత సేపు!"

పైకి చేరేసరికి మెట్టు మీద కూర్చుని బిడ్డకు వేలు పెట్టి ఏదో చూపిస్తోంది. నేను పక్కన కూలబడి, ఊపిరి తీసుకుని అడిగాను.

"ఏమత్తా, పోయినసారి పాతిక మెట్లకొకసారి నిలబడి ఊరు చూస్తా ఉంటివే. ఈసారి ఒక్కసారి కూడా చూడలేదే?"

"అప్పుడు మాత్రం ఎవరు చూసినారమ్మా? కండ్లు తిరిగి అంతా నల్లగా ఉండె. బస్టాండు ఆ పక్కన ఉంటాదని తెలుసు గాబట్టి చెప్తా ఉంటిని." బిడ్డను ఒళ్ళో సర్దుకుని కిందికి చూసింది. "ఇప్పుడే చూస్తా ఉండాను."